ఆదివారం షట్టర్ మీద ఫోటోలు

పురుషోత్తం సార్ తీసిన ఫోటోలు కొన్నవాళ్ళు అప్పటికి నలుగురు. ఒకరు ఆయన తోడల్లుడు, ఒకరు చిన్ననాటి స్నేహితుడు, ఒకరు ఇంటి ఓనరు. నాలుగో మనిషి మా సేట్ సోమయ్య. నలుగురూ మొహమాటానికే కొన్నారని ఆయనకు తెలుసు.

"నా మొకం తెల్వనోడు, నా పేరు తెల్వనోడు ఒక్కడు కొనాలె. గంతే" అనేవారు.

సేట్‌కు సికింద్రాబాద్‌లో, జనరల్ బజార్ వెనక సందులో ఫోటో ఫ్రేముల షాపు ఉంది. ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయినప్పటి నుంచి నేను అక్కడ పని చేస్తున్నాను. గాజు కోయడం, కర్ర అతికించడం, వెనక అట్ట బిగించడం నా పని. కౌంటర్ దగ్గర మాట్లాడే పని సేట్‌ది. నాకు అదే బాగుంటుంది. లోపల కూర్చుంటే వచ్చేవాళ్ళందరూ నాకు కనిపిస్తారు, నేను ఎవరికీ పెద్దగా కనిపించను.

పురుషోత్తం సార్ యాభై దాటిన మనిషి. నేరేడ్‌మెట్‌లో ఉంటారు. ఇరవై ఏళ్ళు ఒక కలర్ ల్యాబ్‌లో ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు ప్రింట్ చేశారు. జనం ఫోన్లలోనే ఫోటోలు చూసుకోవడం మొదలుపెట్టాక ల్యాబ్ మూతపడింది. తర్వాత పాస్‌పోర్ట్ ఫోటోలు, చిన్న చిన్న ఫంక్షన్లతో నెట్టుకొచ్చారు. కానీ రోజూ తెల్లవారుతూనే స్కూటర్ మీద బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్ళి, తన కోసం ఫోటోలు తీసుకునేవారు. లారీ మీంచి క్యాబేజీలు అందించే చేతులు, బస్తాల మీద కూర్చుని చాయ్ తాగే హమాలీలు, వానకు తడిసిన టమాటా ట్రేలు. అన్నీ నలుపు తెలుపే.

ఆదివారం మా పక్క బట్టల షాపుకు సెలవు. ఆ మూసిన షట్టర్‌కు తీగలు కట్టి, సార్ తన ఫోటోలు వేలాడదీసేవారు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. పాస్‌పోర్ట్ ఫోటోలు ఎంతకు తీస్తారని అడిగేవారు. వెంకన్న పటం లేదా అనేవారు. ఒకసారి ఒకావిడ చాలాసేపు చూసి, "మంచిగున్నయి సార్. గని ఎవల్నో తీస్కపోయి మా ఇంట్ల గోడకు ఎట్ల వెట్టుకుంటం?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పులేదు. మా షాపులో ఫ్రేముల్లోకి ఎక్కేది దేవుళ్ళు, పెళ్ళిళ్ళు, పోయినవాళ్ళు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు గోడ మీద చోటు ఎవరిస్తారు?

ఇంతలో బేగంపేటలో పెళ్ళి ఫోటోల స్టూడియో నడిపే కల్యాణ్, సార్‌ను ఆల్బమ్‌లు తయారుచేసే పనికి పిలిచాడు. సార్ భార్య స్వర్ణలత ఆంటీ చేరమన్నారు. ఆమె అడగడం న్యాయమే. కానీ ఆ పనికి ఆదివారాలు సెలవు ఉండదు.

"సోమవారం జవాబు చెప్పాలె సోమన్నా" అన్నారు సార్ శనివారం పొద్దున వచ్చి. "రేపొక్కటే ఆదివారం ఉన్నది. రేపు సుత ఎవ్వరు కొనకపోతే, కెమెరా లోపల వెట్టి పనిల చేరుతా."

ఆ రోజు ఆయన తెచ్చిన ప్రింట్ అన్నిటికన్నా పెద్దది. మార్కెట్‌లో మిరపకాయలు అమ్మే బుచ్చమ్మది. నోట్లో రెండు పళ్ళు లేవు, అది దాచుకోకుండా నవ్వుతోంది. ఆమె పేరూ, ఆమె ఆదివారం తన ఫోటో చూసుకోవడానికి వస్తుందన్న సంగతీ సార్ సేట్‌కు చెప్పి వెళ్ళిపోయారు. నా దగ్గరకు మాత్రం మధ్యాహ్నం మిగతా ప్రింట్లతో కలిసి ఉత్త ఫోటోనే వచ్చింది.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. వయసు మళ్ళిన మనిషి ఒక్కరే ఉన్న పెద్ద ఫోటో వస్తే, అడక్కుండానే ఫ్రేమ్ పైన రెండు మూలలా చిన్న ఇత్తడి కొక్కేలు పెడతాం, దండ వేసుకోవడానికి. పెట్టకపోతే వాళ్ళు దినాల నాడు హడావిడిగా మళ్ళీ వస్తారు. ఆ పని ఎన్నిసార్లు చేశానో, నా చేతులు నన్ను అడగడం మానేశాయి. బుచ్చమ్మ ఫ్రేమ్‌కూ కొక్కేలు పెట్టేశాను.

ఆదివారం సార్ ఫోటోలన్నీ కట్టి చాయ్‌కి వెళ్ళారు. కొక్కేలు ఆయన కంట పడలేదు. సేట్ బంతిపూలతో వచ్చి, షాపులోని దేవుళ్ళకు వేసి, మిగిలిన దండతో బయటికి వెళ్ళారు. కొక్కేలు చూశారు, దండ వేశారు, దండం పెట్టుకున్నారు. లోపలి నుంచి చూస్తున్న నాకు అందులో ఏమీ తప్పు కనిపించలేదు.

దారిన పోయే ఒకాయన చెప్పులు విడిచి నిలబడ్డారు. "మంచిగ నవ్వుతున్నది పాపం. ఎప్పుడు పోయింది?"

సేట్‌కు అప్పటికి సార్ చెప్పిన మాట ఒక్కటీ గుర్తులేదు. "ఈ మధ్యనే అయ్యుంటది" అన్నారు.

"నిన్న రాత్రి దాంక అయితే బతికే ఉన్న!" అని వెనక నుంచి గట్టిగా ఒక గొంతు వినిపించింది.

బుచ్చమ్మ ఆటో దిగి నిలబడి ఉంది. చెప్పులు విడిచినాయన రెండడుగులు వెనక్కి వేశారు. సరిగ్గా అప్పుడే సార్ చాయ్ తాగి వచ్చారు.

"ఏందయ్యా ఫోటో సారూ! పటం చూస్తువు రా అంటివి. నా దినాలకే పిలిచినవా?"

సార్ మొహం పాలిపోయింది. "సోమన్నా, ఏం పని గిది?"

"నాకేం ఎర్క? కొక్కేలున్నయ్, పూలున్నయ్, ఏసిన."

సందులో పోయేవాళ్ళందరూ ఆగారు. సార్ అందరి మధ్యా తలవంచుకుని నిలబడ్డారు. నేను లోపలే ఉండిపోతే నన్ను ఎవరూ అడగరు. కానీ ఆయనకు మిగిలిన ఒక్క ఆదివారం నా చేతుల వల్లే పాడైంది. బయటికి వచ్చాను.

"కొక్కేలు నేనే వెట్టిన సార్. అలవాటుల..." అంటూ కళ్ళు తుడుచుకున్నాను.

బుచ్చమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వా పిల్లా నన్ను సంపింది? చూస్తే చీమకు సుత భయపడేటట్టున్నవ్!" అందరూ నవ్వారు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఏడ్వకు బిడ్డా. బతికున్నోళ్ళను పోయిన్రంటే ఆయుష్షు పెరుగుతదంటరు. ఇంగ పదేండ్ల దాంక నాకు పరేషాన్ లేదు."

తన ఫోటో మీది దండ తీసి సార్ మెడలో వేసింది.

"శాలువా ఒక్కటి తక్కువైంది" అన్నారు సేట్.

బుచ్చమ్మ ఫోటో పక్కనే నిలబడి నవ్వింది. జనం ఆమెను చూసి, ఫోటోను చూసి, మళ్ళీ ఆమెను చూశారు. ఆ తర్వాత పక్క ఫోటోల్లో హమాలీలను, క్యాబేజీలు అందుకునే చేతులను చూడడం మొదలుపెట్టారు. నేను పటకారు తెచ్చి కొక్కేలు పీకి, చిల్లులు మైనంతో పూడ్చాను.

చేతిలో స్టీలు గిన్నెల మూట ఉన్న ఒకాయన ముందుకు వచ్చారు. "ఏటండీ, ఇది అమ్ముతారేటండీ?"

"ఆఁ... అమ్ముతా" అన్నారు సార్, దండ మెడలోనే ఉంచుకుని.

ఆయన పేరు తాతబ్బాయి. శ్రీకాకుళం నుంచి వచ్చి బేగంపేటలో టిఫిన్ సెంటర్ పెట్టారట. కౌంటర్ వెనక గోడ బోసిగా ఉందట.

"ఈమె మీకు ఎర్కనా?" అని సేట్ అడిగారు.

"ఎవరైతే ఏటండి? ఇలా నవ్వే మనిషి ఎదురుగా ఉంటే మా సర్వర్లు కూడా కొంచెం నవ్వుతారేమోనండి."

"రోజు నాకు ఇడ్లీ సుత వెట్టాలె మల్ల!" అంది బుచ్చమ్మ.

"మీరొత్తే మీ ముందు పెడతానండి. పటం ముందు మాత్రం పెట్టనండి."

తర్వాత ఆయన బేరం మొదలుపెట్టారు. ఫ్రేమ్ కర్ర నిగనిగలాడట్లేదన్నారు, రంగులు లేవన్నారు, రెండడుగులు వెళ్ళిపోయి మళ్ళీ వెనక్కి వచ్చారు. సార్ మొహం క్షణక్షణానికీ వెలిగిపోతోంది. ముందు కొన్న నలుగురిలో ఒక్కరూ బేరం ఆడలేదు. మొహమాటం ఉన్నవాళ్ళు బేరం ఆడరు.

చివరికి కొంత తగ్గించి ఇచ్చారు. కాగితం చుట్టిన ఫ్రేమ్‌ను చంకలో పెట్టుకున్నాక తాతబ్బాయి అడిగారు, "ఇంతకీ ఇది తీసిందెవరండీ?"

"నేనే" అన్నారు సార్.

"అలాగేటండీ! మీరు అమ్మేవారనుకున్నాను."

సార్ సోమవారం దాకా ఆగలేదు. అక్కడే నిలబడి కల్యాణ్‌కు ఫోన్ చేశారు. "పనికొస్తా తమ్మీ. గని ఆదివారాలు రాను." కల్యాణ్ రెండు రోజులు గునిసి, జీతం కాస్త తగ్గించి, సరే అన్నాడు. స్వర్ణలత ఆంటీ కూడా సరే అన్నారని సార్ చెప్పారు. ఎలా అన్నారో చెప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఒక్క ఫోటో కూడా అమ్ముడుపోలేదు. సాయంత్రం ఒకావిడ మాత్రం హమాలీల ఫోటో ముందు ఆగి, ధర అడిగి, సగానికి అడిగి, వెళ్ళిపోయింది.

సార్ నేరుగా లోపలికి, నా బల్ల దగ్గరికి వచ్చారు. "చూసినవా బిడ్డా? బేరం జేసింది!"