పధ్నాలుగో ఎక్స్‌టెన్షన్

ఆఫీసు మొత్తానికి ఒక్కటే సెల్ ఫోన్ ఉండే కాలం ఒకటి గడిచింది. ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, అప్పట్లో దాన్ని బయటికి తీసుకెళ్ళాలంటే రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఆ రిజిస్టర్ తెరిచిందీ, అందులో గళ్ళు గీసిందీ నేనే. తీసుకున్న వేళ, వెళ్ళే చోటు, తిరిగొచ్చిన వేళ, ఆలస్యానికి కారణం, ఫార్వర్డ్ తీసేశారా లేదా. (‘సెల్ ఆరోగ్యం’ అని ఇంకో గడి కూడా గీశాను. మా యజమాని నవ్వుతూ కొట్టేశారు.)

మాది అఫ్జల్‌గంజ్‌లో మందుల హోల్‌సేల్ కంపెనీ. మేడ మీద ఆఫీసు, కింద గోదాం. నేను ఆఫీసు సూపర్‌వైజర్‌ని. కొత్తగా పెట్టిన ఫోన్ సిస్టమ్‌కి ఆపరేటర్ అక్కర్లేదు. బయటివాళ్ళు ఆఫీసు నంబరు కొట్టి, రికార్డు చేసిన గొంతు ఆగాక ఎక్స్‌టెన్షన్ నొక్కితే ఆ బల్ల మీద మోగుతుంది. నాది పధ్నాలుగు. సెల్ పట్టుకుని బయటికి వెళ్ళేవాడు తన ఎక్స్‌టెన్షన్‌ని దాని మీదికి ఫార్వర్డ్ చేసుకుంటే, బల్ల మీద మోగాల్సింది జేబులో మోగుతుంది. తిరిగి రాగానే ఫార్వర్డ్ తీసేయాలి. తీసేయకపోతే రిసీవర్ ఎత్తినప్పుడు టోన్ తెగి తెగి వస్తుందని ఒక సూచనల కాగితం టైపు చేయించి, ప్రతి బల్లకూ అంటించిందీ నేనే.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు మా ఆవిడకు నెలలు నిండిన రోజులవి. ఆ ఉదయమే మదన్నపేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా అత్తగారు తోడున్నారు. సాయంత్రం దాకా ఏమీ ఉండదని డాక్టరమ్మ చెప్పడంతో, ‘మీరు ఆఫీసుకెళ్ళండి బాబూ, అవసరమైతే ఫోన్ చేస్తాను’ అన్నారావిడ. ఆఫీసు నంబరూ, నా పధ్నాలుగూ పెద్ద అంకెలతో రాసిచ్చాను. ఆఫీసుకు రాగానే సెల్ తీసుకుని, ఫార్వర్డ్ పెట్టుకుని, పక్కనే ఉన్న బ్యాంకుకు వెళ్ళొచ్చాను. పది దాటి పది నిమిషాలకు మెట్ల మీద కార్వాన్ అన్న ఎదురయ్యాడు.

కార్వాన్‌లో ఉంటాడు గనక ఆఫీసులో అందరికీ అతను కార్వాన్ అన్నే. దుకాణాలకు సరుకు చేర్చే పని అతనిది. నోట్లో మాట ఆగేది కాదు. నా గళ్ళంటే అతనికి మహా చిరాకు. ‘సార్, తిరిగొచ్చిన వేళ అని అడుగుతరు, మంచిగొచ్చిన్నా లేదా అని ఒక్కసారన్న అడుగుతరా’ అనేవాడు. ఆ పూట అతనికి సెల్ కావాలి. అక్కడికక్కడే రిజిస్టర్ తెప్పించి, సంతకం గడి దాటిందని రెండోసారి పెట్టించి మరీ సెల్ ఇచ్చాను.

ఆ తర్వాత నా బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. నా ఫోన్ ఎవరూ ముట్టుకోకూడదని చెప్పేశాను. ఆనాటి డైరీ నా ముందుంది. ‘10.50. ఫోన్ లేదు. టోన్ చూశాను, ఉంది. 11.20. టోన్ ఉంది. 11.45. టోన్ ఉంది, కొంచెం తెగుతోంది.’ (ఆ ‘తెగుతోంది’ కింద గీత కూడా గీశాను. లైను పాతదని అనుకున్నట్టున్నాను. నేను టైపు చేయించిన కాగితం నా మోచేతి కిందే ఉంది.) ఉండబట్టలేక నర్సింగ్ హోమ్‌కి నేనే ఫోన్ చేస్తే, పేషెంట్ల సంగతి ఫోన్‌లో చెప్పం అని పెట్టేశారు. పోనీ బయల్దేరదామా అంటే, నేను దారిలో ఉండగా అత్తగారు ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు? లేచాను, కూర్చున్నాను. సెల్ చేతిలో ఉంటే వెళ్ళిపోవచ్చు గదా అని తోచి కార్వాన్ అన్నను వెనక్కి పిలుద్దామని దానికి చేశాను. డైరీలో అదీ ఉంది. ‘12.05. సెల్ ఎంగేజ్. సొంత కబుర్లు కాబోలు. రేపు మందలించాలి.’

పన్నెండున్నర దాటాక గోదాంలో పనిచేసే పెద్దాయన మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు.

‘సార్, కార్వాన్ అన్న గోదాం ఫోన్‌కు చేసిండు. మీ ఫోన్ ఆయన జేబుల మోగుతున్నదంట. అమ్మకు ఆపరేషన్ చేస్తున్నరట, దవాఖానకు జల్ది రమ్మన్నడు.’

రిసీవర్ ఎత్తాను. టోన్ తెగి తెగి వచ్చింది. అప్పుడు చదివాను, మోచేతి కింది కాగితం.

నయాపూల్ మీద ఆటో ఆగిపోయింది. ముందు బస్సు, వెనక బండ్లు. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన మనిషి ఆపరేషన్ బల్ల మీద ఉంటే, నేను రెండు గంటలసేపు మోగని ఫోన్‌కి కాపలా కాశాను. ఆటో అతను వెనక్కి తిరిగి ‘ఫికర్ చెయ్యకుండ్రి సాబ్’ అన్నాడు, నేనేమీ చెప్పకుండానే. డైరీ సంచిలోనే ఉంది గానీ తీయలేదు. ఆనాటి పేజీలో అక్కడ నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది.

నర్సింగ్ హోమ్ వసారాలో బెంచీ మీద కార్వాన్ అన్న కూర్చుని ఉన్నాడు. మోచేతి మడతలో దూది, చేతిలో చాయ్. పక్కన మా అత్తగారు కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్నారు. గది తలుపు ఇంకా మూసే ఉంది.

‘గిదేంది సార్, గిప్పుడొస్తిరి? మీ అత్తమ్మ ఫోన్ జేసి, రక్తం గావాలె, అల్లుడెక్కడున్నడని ఒకటే ఏడుపు. మీకు చెప్దామని సెల్లులకెల్లి పధ్నాలుగు కొడితే ఎంగేజు. పదిసార్లు కొట్టిన. ఆడ ఎవలతోనో ముచ్చట పెడుతున్నరు అనుకున్న. ఇగ నేనే ఉరికొచ్చి ఇచ్చిన రక్తం.’ చాయ్ గుక్క మింగి, గొంతు తగ్గించాడు. ‘బయటికొచ్చి డబ్బా ఫోన్ల రూపాయేసి మళ్ళ పధ్నాలుగు కొట్టిన. నా జేబుల మోగింది. హలో అన్న. హలో అని నా గొంతే నాకు ఇనబడ్డది. అప్పుడు సమజైంది సార్, మీరు గడి నింపలేదని.’

అతని పక్కన కూర్చున్నాను. తలుపు తెరుచుకునేదాకా ముగ్గురం ఆ తలుపునే చూశాం. నర్సు బయటికొచ్చి ఇద్దరూ క్షేమమంది. అత్తగారు నా చెయ్యి వదిలి అతని చెయ్యి పట్టుకున్నారు.

మర్నాడు మందలిద్దామని రాసుకున్న మనిషికి స్వీట్ల పొట్లం ఇచ్చి, బల్ల దగ్గర కూర్చుని రిజిస్టర్ తెరిచాను. ముందురోజు సాయంత్రమే సెల్ తెచ్చిచ్చి, కార్వాన్ అన్న తన వరుస పూర్తిచేసి పోయాడు. తిరిగొచ్చిన వేళ అయిదు. ఆలస్యానికి కారణం అన్న గడిలో, గీత దాటకుండా ఒక్క మాట రాశాడు. ‘ఆడపిల్ల.’

ఆ ఆడపిల్ల ఇప్పుడు నా ఫోన్ తనే సరిచేసి పెడుతుంది, నేను నొక్కకూడనివి ఏవేవో నొక్కేస్తానని. రిజిస్టర్ నిండాక ఆ పేజీ కత్తిరించి డైరీలో పెట్టుకున్నాను. అతని వరుసకు పైన నాది ఉంది. ఫార్వర్డ్ తీసేశారా లేదా అన్న గడి ఖాళీ. గడి ఖాళీగా వదలడం నా జీవితంలో అదొక్కటే. ఇన్నేళ్ళలో చాలాసార్లు పెన్ను మూత తీశాను. ప్రతిసారీ ఆ కింది వరుస చదివి, మూత పెట్టేశాను.