అమ్మమ్మ ఆగిన చోటు

తాతకి రెండు విద్యలు చచ్చినా అబ్బలేదు. ఒకటి, ఇస్త్రీ చొక్కాని మధ్యాహ్నం దాకా నలక్కుండా ఉంచుకోవడం. రెండోది, సంగీతం చదవడం. అంటే కాగితం మీద గీతలూ చుక్కలూ చూసి వాయించడం. నలభై ఏళ్ళకి పైగా గిటారు మెడకి తగిలించుకుని వేదికల మీద గంతులేసినవాడు, వేలమంది చేత ఈలలు వేయించుకున్నవాడు, చుక్క గుర్తుపట్టకుండానే నెట్టుకొచ్చాడు. ఎవరైనా అడిగితే, "వాయించేదాన్ని వినాలి గానీ చదవడమేంటి?" అని ఎదురడిగేవాడు.

డెబ్భై ఒకటో ఏట సింఫనీ ఆర్కెస్ట్రా వాళ్ళు ఇంటికొచ్చి, "మీ పాత పాటలు మా ఎనభైమందితో కలిసి వాయించండి" అన్నారు. తాత ముందు పొంగిపోయాడు. తర్వాత అద్దం ముందు నిలబడి, మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ ఇటు దువ్వి, అటు దువ్వి చూసుకున్నాడు. ఆ తర్వాత భయపడ్డాడు. అమ్మమ్మ ఉంటే ఒక్క కసురు కసిరి ఆ భయాన్ని వదలగొట్టేది. అమ్మమ్మ పోయి అప్పటికి పద్నాలుగు నెలలు.

తాత బ్యాండులో డ్రమ్ములు వాయించేది అమ్మమ్మే. వయసులో ఉండగా తాత రేడియోలు బాగుచేసే కొట్లో పనివాడు. ఎదురుగా చెక్కపెట్టెలు చేసే కార్ఖానా. అందులో పెట్టెలకి మేకులు కొట్టే పిల్ల ఒకతి ఉండేది. తాత పని లేనప్పుడల్లా గిటారు తీసేవాడు. ఎదుటి సుత్తిదెబ్బలు ఆ పాటకి అచ్చంగా అతుక్కుంటున్నాయని ముందు పసిగట్టింది కొట్టు యజమాని. "ఏరా, పాట నువ్వు నడుపుతున్నావా, ఆ పిల్ల నడుపుతోందా?" అన్నాడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ సంగతి తేలనే లేదు.

వాళ్ళకి పేరు తెచ్చింది వానపాట. అది రికార్డు చేసేనాటికి అమ్మమ్మకి ఎనిమిదో నెల. పొట్ట అడ్డమొచ్చి డ్రమ్ములు అందక, స్టూలు వెనక్కి జరుపుకుని చేతులు చాచి వాయించింది. పాట చివరికి వస్తుండగా లోపలి బిడ్డ ఒక్క తన్ను తన్నింది. అమ్మమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆమెనే చూస్తున్న తాత చెయ్యీ ఆగింది. బేస్ గిటారు వాయించే గుండు కూడా ఆగాడు. (ఇరవై ఏళ్ళకే నెత్తి మీద ఒక్క వెంట్రుక మిగల్లేదు కాబట్టి ఆయన్ని అందరూ గుండే అంటారు.) అమ్మమ్మ ఊపిరి పీల్చుకుని డ్రమ్ముల పక్కనున్న పెద్ద ఇత్తడి పళ్ళెం మీద కొట్టింది. ముగ్గురూ ఒక్కసారిగా పాటలోకి దూకారు. టేపు అయిపోవచ్చింది, మళ్ళీ వాయించే ఓపిక అమ్మమ్మకి లేదు. ఆ తప్పుతోనే రికార్డు బయటికి వెళ్ళింది. జనం ఆ ఖాళీ దగ్గరే వెర్రెత్తిపోయారు. కడుపులోంచి తన్నింది మా అమ్మ.

ఆ తర్వాత ఏ ఊళ్ళో వాయించినా అక్కడ ఆగాల్సిందే. ఎంతసేపన్నది మాత్రం అమ్మమ్మ చేతిలో ఉండేది. మంచి హుషారుగా ఉంటే రెప్పపాటు. ఇంట్లో పోట్లాడుకుని వచ్చిన రోజు తాత పని అయిపోయేది. చెయ్యి పైకెత్తి, అంతమంది ముందు కొంగలా నిలబడి, ఎడమపక్కకి తిరిగి ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండాలి. ఆవిడ తాపీగా చెమట తుడుచుకునేది. ఓసారి జుట్టు ముడేసుకుంది. జనం చప్పట్లు, కేకలు. ఒకసారి తాత ఓపిక పట్టలేక ముందే వాయించేశాడు. అమ్మమ్మ చేతిలో పుల్ల విసిరింది. అది చెవికి తగిలి చిన్న గాటు పడింది. "నేను కొట్టకుండా నువ్వు కదిలితే ఈసారి డ్రమ్మే వస్తుంది" అని మైకులో వినపడేలా అంది.

ఆవిడ పోయాక బట్టలు అమ్మ ఎవరెవరికో ఇచ్చేసింది. డ్రమ్ములు ఒక సంగీతం బడికి వెళ్ళాయి. స్టూలు ఒక్కటి వంటింట్లో ఉండిపోయింది. వాటన్నిటికీ తాత సరేనన్నాడు. వానపాటలో ఆ కాస్త ఖాళీ తన చేతుల్లో ఉంది, దాన్ని ఎవరూ తీసుకెళ్ళలేరని ఆయన ధీమా.

రిహార్సల్‌కి తాతా గుండూ గంట ముందే వెళ్ళారు. పెద్ద హాలు, అర్ధచంద్రంలా కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ కాగితాల స్టాండు, దాని మీద పెన్సిలు. డ్రమ్ములు వెనకాల ఎక్కడో, పలచటి ప్లాస్టిక్ అద్దం అవతల. తాత అలవాటు కొద్దీ ఎడమపక్కకి తిరిగితే, అక్కడ మనిషంత ఎత్తు తీగల వాద్యం, హార్ప్ అంటారు, దాని వెనక కళ్ళద్దాలావిడ. ఆవిడ మర్యాదగా నవ్వింది. తాత కూడా నవ్వి తల తిప్పుకున్నాడు.

వీళ్ళు పాటని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి అంకె వేస్తారు. ఆ ముక్కని బారు అంటారు. వానపాటలో నూట తొంభై ఉన్నాయని తెలిసి గుండు, "ఒరేయ్, మనం ఒక్క బారుకెళ్తేనే ఇంటికి మోసుకొచ్చేవాళ్ళు" అని గొణిగాడు.

పుల్ల పట్టుకుని ఎనభైమందినీ నడిపించే కండక్టరమ్మకి నలభై ఏళ్ళుంటాయి. మంచి మనిషి. నూట నలభై రెండో బారు దాకా అంతా పూలదండలా సాగింది. అక్కడ తాత ఆగాడు. ఎనభైమంది ఆగలేదు.

మళ్ళీ వాయించారు. మళ్ళీ అంతే. మూడోసారి కండక్టరమ్మ పుల్ల దించింది.

"సార్, నూట నలభై రెండులో మీరు కొంచెం వెనకపడుతున్నారు."

"వెనకపడటం కాదమ్మా. అక్కడ ఆగాలి."

రికార్డు విని ఎనభైమందికీ కాగితాలు రాసిన కుర్రాడు పక్కనుంచి లేచాడు. "అక్కడ టేపు సాగినట్టుందండీ. పాతది కదా. నేను సరిచేసి రాశాను."

"సాగలేదు బాబూ. మేం అలాగే వాయించాం."

"ఓ, అలాగా!" అంది కండక్టరమ్మ. "ఎన్ని బీట్లు ఆగాలో చెప్పండి సార్, ఇప్పుడే రాసుకుంటారు."

ఎనభైమందీ పెన్సిళ్ళు పట్టుకుని తాత వైపు చూశారు. తాత గుండుని చూశాడు. గుండు తన బూట్లని చూసుకున్నాడు.

"అది... ఒక్కోరోజు ఒక్కోలా ఉండేదమ్మా."

వయొలిన్ల వైపు ఎవరో కిసుక్కుమన్నారు. మనసులో ఏమీ లేని నవ్వే, అయినా తాత చెవులు ఎర్రబడ్డాయి. మా ఆవిడ కోసం ఆగేవాళ్ళం అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ ఆ మాట ఎత్తితే నోటికన్నా ముందు కళ్ళు మాట్లాడతాయని ఆయనకి తెలుసు. ఎనభైమంది కొత్తవాళ్ళ ముందు ఏడవడం కన్నా, తప్పు ఒప్పుకోవడమే తేలిక అనిపించింది.

"వద్దులెండి. మీరు రాసినట్టే వాయిస్తా."

బయటికొచ్చాక గుండు చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఎందుకలా అన్నావురా? చెల్లాయి ఉంటే నీ తాట తీసేది."

"ఉంటే కదా" అన్నాడు తాత.

కచేరీకి పది రోజులుంది. ఆ పది రోజులూ తాత వంటింట్లో, అమ్మమ్మ స్టూలు మీద కూర్చుని సాధన చేశాడు. గట్టు మీద టక్కుటక్కుమని తాళం కొట్టే పెట్టె. చెయ్యి మాట వినలేదు. ఆ చోటికి రాగానే ఆగిపోయేది, మెడ ఎడమపక్కకి తిరిగేది. అటు ఫ్రిజ్ ఉంది. నాలుగో రోజు నుంచి స్టూలు తిప్పి గోడకి ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చున్నాడు. ఎటూ తిరగడానికి చోటు లేకుండా.

"నాన్నా, ఎవరు శిక్ష వేశారు నీకు?" అని అమ్మ నవ్వబోయింది. ఆయన మొహం చూసి ఆ నవ్వు మింగేసింది.

తొమ్మిదో రోజు చెయ్యి ఆగలేదు. పెట్టె టక్కుమన్న చోటే వాయించింది. మళ్ళీ చూశాడు, ఆగలేదు. ఇరవైసార్లు చూశాడు. పెట్టె కట్టేసి, ఆ పూట అన్నం వద్దన్నాడు.

శనివారం సాయంత్రం మొదటి కచేరీ. జనం నిండిపోయారు. నూట నలభై రెండో బారు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియలేదు. అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తాత వంగి దండం పెట్టాడు. మూడో వరసలో అమ్మ ఒక్కతే కూర్చుండిపోయింది. తను పుట్టకముందు వేసిన తన్ను పాటలో లేదు.

అమ్మకి తాత మొహమాటం రాలేదు, అమ్మమ్మ నోరే వచ్చింది. తిన్నగా కండక్టరమ్మ గదికి వెళ్ళి సుత్తిదెబ్బల దగ్గర్నుంచి గోడ ముందు స్టూలు దాకా మొత్తం చెప్పింది. కండక్టరమ్మ కాగితాలు తిరగేసి నూట నలభై రెండు తీసి చూసింది. తర్వాత, "రేపు మధ్యాహ్నం ఇంకో ఆట ఉంది కదండీ" అంది.

ఆదివారం పొద్దున్నే కాగితాలు చూసుకునే ఆయన ఎనభై స్టాండ్ల దగ్గరికీ వెళ్ళి, నూట నలభై రెండు దగ్గర పెన్సిలుతో ఒక చిన్న గొడుగులాంటి గుర్తు గీశాడు. వాళ్ళ భాషలో ఆగమని అర్థం.

ఆట మొదలయ్యే ముందు కండక్టరమ్మ తాత దగ్గరికి వచ్చింది. "సార్, మీ అమ్మాయి చెప్పారు. ముందే అడగాల్సింది, మాదే తప్పు. ఇవాళ ఆగుదాం. ఎంతసేపు?"

"ఆవిడ ఇష్టమమ్మా."

"అయితే మీరు మొదలుపెట్టేదాకా మేమంతా ఆగుతాం. ఎంతసేపైనా సరే."

తాత తలూపాడు. ఆ గంటలో ఆయన మొహం చూసినవాళ్ళకి, పదిహేను నెలల్లో ఎప్పుడూ కనపడని మనిషి కనపడ్డాడు. గుండుతో పరాచికాలాడాడు. హార్ప్ ఆవిడతో, "అమ్మా, ఇవాళ మీవైపు చూస్తాను, ఏమీ అనుకోకండి, నాది వేరే లెక్క" అన్నాడు.

వానపాట వచ్చింది. తాత కళ్ళు మూసుకుని వాయించాడు. నూట నలభై. నూట నలభై ఒకటి. కండక్టరమ్మ పుల్ల పైకెత్తి ఆపేసింది. వయొలిన్ల కమానులు గాల్లో నిలిచాయి. బాకాలవాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఎనభైమందీ ఆగారు.

తాత చెయ్యి ఆగలేదు.

టక్కుమన్న చోట, వంటింటి గోడ నేర్పినట్టే, ఒక్క పిసరు తేడా లేకుండా గిటారు మోగింది. మెడ ఇంకా తిరగనే లేదు. తప్పు తెలిసి ఎడమపక్కకి తిరిగేసరికి చెయ్యి అప్పటికే తర్వాతి బారులో ఉంది. కండక్టరమ్మ గబుక్కున పుల్ల దించింది. ఎనభైమందీ ఎంతో నేర్పుగా, అతుకు కనపడకుండా ఆయన్ని అందుకున్నారు. జనం మళ్ళీ లేచి నిలబడ్డారు.

తాత మాత్రం పాట అయ్యేదాకా చెవి దగ్గరికి ఏదో వస్తుందన్నట్టు మెడ కుదించుకునే ఉన్నాడు.

తెర వెనక కండక్టరమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "పర్వాలేదు సార్. నిజంగా చెప్తున్నా, ఒక్కరికి కూడా తెలీలేదు."

"తెలిసే మనిషి లేదు కదమ్మా" అన్నాడు తాత.

అమ్మ గిటారు పెట్టెలో పెట్టి మూత వేసింది. తాత అక్కడే కుర్చీలో కూర్చుని చెవి మీద పాత గాటు వేలితో తడుముకుంటున్నాడు. "పద నాన్నా, వెళ్దాం" అంది అమ్మ.

"ఉండవే" అన్నాడు. "కాసేపు ఆగనీ."