పద్దెనిమిది గంటల కాఫీ

మా ఎదురింట్లో ఒక రిటైర్డ్ రైల్వే గార్డు అద్దెకుండేవారు. కాఫీ పొడిని చన్నీళ్లలో పద్దెనిమిది గంటలు నానబెట్టి, వడకట్టి, చల్లగానే తాగేవారు. నేను మూత తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఆగప్పా, ఇంగా సిగ్నల్ పడల్యా" అనేవారు. వేడి కాఫీ తప్ప ముట్టనని నా మొండితనం.

ఇల్లు ఖాళీ చేసి గుంతకల్లు వెళ్లేలోపు నా చేత ఒక్క గ్లాసు తాగించి, బాగుందనిపించుకోవాలని ఆయన పట్టుదల. సామాను కట్టేశారు గనుక, ముందురోజు సాయంత్రం నాలుగింటికి కాఫీ పొడి నానబెట్టిన గిన్నె మా వంటింట్లోనే పెట్టారు. నేను డైరీలో టైము రాసుకున్నాను.

మర్నాడు పదింటికి రెండు గ్లాసులతో వచ్చారు. గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"కొళాయిలో ఎర్రనీళ్లు వస్తే తేరుకునేదానికి పెట్టినారనుకుంటిని అన్నా. ఎంతసేపటికీ తేరుకోల్యా. కరివేపాకు చెట్టుకు పోస్తిని," అంది మా ఆవిడ.

"కాఫీ వాసన రాలేదా?" అన్నాను.

"మనింట్లో అది ఎప్పుడు రాదు?"

ఆయన మాత్రం, "ఎన్ని గంటలకు పోస్తివి చెల్లెమ్మా?" అని అడిగారు.

"ఎనిమిదికి."

"రెండు గంటల ముందే బండి వదిలేస్తివి గదమ్మా."

తర్వాత పెరట్లోకి వెళ్లి, ఒక కరివేపాకు తుంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. "నమిలి చూడప్పా."

నమిలాను. ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు.

"బాగుంది," అన్నాను.

ఆ రోజు డైరీలోనూ అదే రాశాను: పదింపావుకు చల్లటి కాఫీ, బాగుంది. ఇన్నేళ్ల డైరీల్లో అబద్ధం అదొక్కటే.