గేటు అవతలి రాత్రులు

మాంసం పెట్టెలు మోసే ఫ్రీజర్ లారీ నడుపుతాడు కాబట్టి వీధిలో అందరికీ అతను ఐసు బాబాయ్. పొడుగు మనిషి. ఏళ్ల తరబడి సీట్లో కూర్చోవడం వల్ల నడుము దగ్గర కొంచెం ఒంగాడు. "బాబాయ్, ఎండలు మండిపోతున్నాయి, కాసేపు మమ్మల్ని కూడా వెనకాల ఎక్కించుకో" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "ఎక్కండి, దిగేటప్పుడు తూకం వేసి దింపుతారు" అంటాడు.

ఈ దేశానికి మొదట ఒంటరిగా వచ్చాడు. తర్వాత భార్యని, అప్పుడప్పుడే నడక నేర్చిన కూతుర్ని తెచ్చుకున్నాడు. కూతురికి ఇప్పుడు పదహారు నిండాయి. ఇక్కడి బడిలోనే అక్షరాలు నేర్చుకుంది, ఇక్కడి పిల్లల్లాగే విసుక్కుంటుంది. కానీ ఆ పిల్లా, తల్లీ, తనూ ముగ్గురూ ఇక్కడ పర్మిట్ మీద ఉన్నవాళ్లే. తండ్రి పౌరసత్వానికి ఫైలు పెట్టే రోజుకి కూతురికి పద్దెనిమిది నిండకపోతే అతనితో పాటు ఆమెకీ వస్తుంది. నిండితే ఆమె వేరే మనిషి. పర్మిట్ వేరు, ఎదురుచూపులు మళ్లీ మొదటి నుంచి. పర్మిట్ దొరక్కపోతే వెళ్లిపోవాలి. ఎక్కడికి వెళ్లాలో ఆ పిల్లకి ఫొటోల్లో తప్ప తెలియదు.

ఫైలు పెట్టాలంటే గడిచిన అయిదేళ్లలో దేశం విడిచి ఎక్కువ రోజులు బయట ఉండకూడదు. ఈ నియమాన్ని అతను ఒక దీక్షలా పట్టాడు. అయిదేళ్లూ విమానాశ్రయం వైపే పోలేదు. సొంతూళ్లో అక్క కడుపులో గడ్డకి ఆపరేషన్ అయినప్పుడు కూడా పోలేదు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. పగలంతా జాకెట్లు కుట్టి, సాయంత్రం ఆ మిషను మీదే అతని చిరిగిన నిక్కర్లు కుట్టేది.

"పేపర్లు వచ్చాక వస్తానక్కా" అన్నాడు ఫోన్లో.

"రాకపోతే మానెయ్యి. నువ్వొచ్చి కత్తి పట్టుకుంటావా ఏంటి? డాక్టర్లున్నారు" అంది అక్క.

లారీ మాత్రం వారానికోసారి సరిహద్దు దాటేది. డ్రైవర్లు దాన్ని సరిహద్దు అనరు, గేటు అంటారు. "నీది గేటు డ్యూటీనా, ఊళ్లోదా?" అని అడుగుతారు. గేటు దగ్గర అద్దం దించి, కార్డు మిషనుకి ఆనిస్తే పచ్చలైటు వెలుగుతుంది. అవతల గోదాములో పెట్టెలు దింపుతారు. డ్రైవర్లకి లోపలికి ప్రవేశం లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తిని, సీటు వెనక బల్ల మీద పడుకుని, తెల్లవారాక వెనక్కి వచ్చేస్తారు. అవతలి దేశంలో అతను కాలు మోపిందల్లా మరుగుదొడ్డి వరకే.

అయిదేళ్లు పూర్తవగానే ఫైలు పెట్టాడు. కూతురికి పదిహేడు రాకముందే పౌరసత్వం ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. బల్ల అవతల ఒక అధికారిణి.

"గడిచిన అయిదేళ్లలో దేశం బయటికి ఎన్నిసార్లు వెళ్లారు?"

"ఒక్కసారి కూడా లేదండీ. మా అక్కకి ఆపరేషన్ అయినా వెళ్లలేదు." ఆ మాట చెప్పేటప్పుడు కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

ఆమె కాసేపు కంప్యూటరు చూసి, తెరని అతని వైపు తిప్పింది. కిందికి జరిపేకొద్దీ వరసలు వస్తూనే ఉన్నాయి.

"మరి ఇవన్నీ?"

"అది డ్యూటీ అండీ."

"దేశం దాటారా లేదా?"

"గేటు దాటానండీ. సరుకు దింపి వచ్చేశాను."

"రాత్రి అక్కడే ఉన్నారు కదా."

"బండిలోనే ఉన్నానండీ. బండి ఇక్కడిది. కావాలంటే నంబరు ప్లేటు చూడండి."

ఆమె నవ్వలేదు. "మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటే ఆ రోజు అక్కడి లెక్కలోకి పోతుంది. బండి సంగతి కాదు, మీ సంగతి అడుగుతున్నాం."

చెడ్డమనిషి కాదు. ఆఫీసు కాదంటే ఆ మచ్చ ఉండిపోతుందని, ఫైలు అతనంతట అతనే వెనక్కి తీసుకునేలా చేసింది. పాత రాత్రులు ఒక్కొక్కటే అయిదేళ్ల లెక్కలోంచి జారిపోతాయని, ఇక మీదట బయట పడుకోకపోతే కూతురి పుట్టినరోజుకి కొద్దిగా ముందు సరిపోతుందని చెప్పింది. "కానీ అంచు మీద ఉన్నారు. ఒక్క ప్రయాణం చేసినా పోతుంది" అంది.

ఇంటికొచ్చి చెబితే భార్య చేతిలో చాకు ఆగింది. "ముందే ఎవర్నైనా అడిగితే ఏం పోయేది? స్టీరింగ్ చేతిలో ఉంటే మీకన్నీ తెలుసు."

"ఎవర్ని అడగాలి? అందరం అదే గేటు దాటుతున్నాం." మళ్లీ అన్నాడు, "అక్కకి ఆపరేషన్ అయినప్పుడు వెళ్లొచ్చినా ఇంతే అయ్యేది కదే."

ఆమె మళ్లీ ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది.

సూపర్‌వైజరుని బతిమాలి గేటు డ్యూటీ మానేశాడు. ఊళ్లో బళ్లకి మనుషులు నిండుగా ఉన్నారు. యార్డులో వేశారు. ఖాళీ ట్రైలర్లని గోదాము తలుపులకి ఆనించడం, మధ్యమధ్యలో ఫ్రీజరు గదిలోకి వెళ్లి పెట్టెలు సర్దడం. "ఏం బాబాయ్, హైవే మీద రాజులా తిరిగేవాడివి, ఇప్పుడు పెరట్లో చక్కర్లా?" అనేవాడు సూపర్‌వైజరు. బొటనవేళ్ల పక్కన చర్మం చీలింది. కూతురు మందు పూసి గుడ్డ చుట్టేది, తిట్టుకుంటూ. ఆ పిల్లకి నాన్న ఎందుకు యార్డులో ఉన్నాడో తెలుసు. తెలిసినందుకే ఎక్కువ మాట్లాడేది కాదు.

ఫైలు పెట్టడానికి నెలన్నర ఉందనగా అక్క కొడుకు ఫోన్ చేశాడు.

"మావయ్యా, అమ్మకి బాలేదు. ఆసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు."

"ఏమంటున్నారు మరి?"

"ఇంటికి తీసుకెళ్లమంటే ఇంకేమంటారు? నువ్వు బయల్దేరు. ఉండు, ఇస్తున్నా."

అక్క గొంతు పీలగా ఉంది. "ఏరా, తిన్నావా?"

"తిన్నానక్కా."

"ఎప్పుడొస్తున్నావ్?"

పనులు చూసుకోరా, తర్వాత వద్దువుగాని అని ఎప్పట్లాగే తనే అంటుందేమోనని ఆగాడు. అక్క అనలేదు.

"ఈసారి రారా. నాకు నిన్ను చూడాలనుంది."

"వస్తానక్కా. టికెట్ చూస్తున్నా."

పక్కనే ఉన్న భార్య అతని మొహంలోకి చూసి, వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా అతనొకటి చెప్పాడు. సెలవు అడిగానన్నాడు, ఇచ్చారన్నాడు, సీట్లు లేవన్నాడు, దొరికిందన్నాడు. అక్క మంచం తలుపుకి ఎదురుగా వేయించుకుందనీ, రోజూ తల దువ్వించుకుంటోందనీ మేనల్లుడు చెప్పాడు. ఒక సాయంత్రం అతను ఫోన్ పెట్టేసేసరికి కూతురు గుమ్మంలో నిలబడి ఉంది.

"టికెట్ ఎప్పుడు తీశావ్?"

"తీయలేదు."

"మరి అత్తకి తీశానని ఎందుకు చెప్పావ్?"

"ఆ నాలుగు రోజులూ సంతోషంగా ఉంటుందని."

"అబద్ధం నాన్నా. నీకు తిట్లు తప్పుతాయని." పిల్ల గుమ్మం దాటి లోపలికొచ్చింది. "వెళ్లు. నా పర్మిట్ నేను చూసుకుంటా. మా క్లాసులో చాలామంది అలాగే ఉన్నారు."

"ఉన్నవాళ్లనే చూస్తున్నావు. వెళ్లిపోయినవాళ్లు కనపడరు కదమ్మా."

"అయితే ఉండిపో. కానీ నా కోసం ఆగానని ఎవరికీ చెప్పకు. అత్తకీ, బావకీ, ఎవరికీ. నేను ఆపలేదు."

అతను ఆ మాటకి తలూపాడు. ఊరికి మాత్రం వెళ్లలేదు.

అక్క పోయిన రోజు అతను ఫ్రీజరు గదిలో ఉన్నాడు. లోపల సిగ్నల్ రాదు. బయటికొచ్చి చేతి తొడుగులు తీసి చూస్తే ఫోను నిండా మిస్డ్ కాల్స్. సరుకు దింపే డాక్ మీదే నిలబడి మేనల్లుడికి చేశాడు.

"పొద్దున పోయింది" అన్నాడు మేనల్లుడు. "రాత్రంతా అడుగుతూనే ఉంది, మావయ్య విమానం దిగాడా అని. దిగాడు, దారిలో ఉన్నాడు అని చెప్పా."

అతను "మంచి పని చేశావురా" అన్నాడు. అవతల ఫోన్ కట్ అయింది. వెనక ఎవరో ట్రైలర్ తీయమని హారన్ కొడుతున్నారు. తొడుగులు మళ్లీ వేసుకున్నాడు. ఆ రోజు షిఫ్టు అయ్యేదాకా పనిచేశాడు. ఎందుకు చేశావని తర్వాత భార్య అడిగితే, ఇంటికొచ్చి మాత్రం ఏం చేయాలి అన్నాడు.

అనుకున్న రోజునే ఫైలు పెట్టాడు. అధికారిణి లెక్క చూసి, "జాగ్రత్తగా ఉన్నారు" అంది మెచ్చుకోలుగా.

కొన్ని నెలలకి పెద్ద హాల్లో ప్రమాణం చేయించారు. కుర్చీల వరసల్లో కొత్త బట్టల వాళ్లు, పూలగుత్తులు, ఫొటోలు. అతను చెయ్యెత్తి చదవమన్నది చదివాడు. భార్య, కూతురు వెనక వరసలో కూర్చున్నారు. పిల్ల చేతికి కూడా ఒక కవరు ఇచ్చారు. తీసుకుని, తెరవకుండానే సంచిలో పెట్టుకుంది. ఫొటోకి రమ్మంటే వచ్చి నిలబడింది. నవ్వమంటే నవ్వింది కూడా.

బయట మెట్ల మీద ఆగి అతను మేనల్లుడికి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"వచ్చే వారం వస్తున్నానురా. నిజంగానే. ఇప్పుడే పేపర్లు ఇచ్చారు."

"ఇప్పుడెందుకు మావయ్యా?" కోపంగా అనలేదు. దారి తప్పిన మనిషిని అడిగినట్టు అడిగాడు. "ఆ ఇల్లు ఖాళీ చేసేశాం. మేమూ ఇక్కడ ఒక గదిలోనే ఉంటున్నాం."

"ఊరికే. ఒకసారి చూసి పోదామని."

"ఎవర్ని?"

మెట్ల కింద బస్సు వచ్చి ఆగింది. భార్య ఎక్కింది. కూతురు ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, డ్రైవర్ని ఆగమని చెప్పి, అతని వైపే చూస్తోంది. అతను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని మెట్లు దిగసాగాడు.