గుమ్మి ఎనుక పెట్టిన ఉండ

పంతొమ్మిదివందల యాభైలల్ల మాట. మాదన్నపేట మార్కెట్ల కూరగాయలమ్మే తల్లులు పిల్లలను మా ఇంట్ల విడిచిపోయేటోళ్లు. అట్ల వచ్చే ఆరుగురికి రోజూ జొన్నపిండి, బెల్లంతోని లడ్డు చేసి పెట్టేదాన్ని.

ఎలుకల బాధ పడలేక ఒకనాడు అదే పిండిల ఎలుకల మందు కలిపి, ఒక ఉండ బియ్యం గుమ్మి ఎనుక పెట్టిన. జరసేపటికి చూస్తే ఉండ లేదు!

"ఎవరు తిన్నర్రా?" అని అరిచిన. పిల్లలు తలుపు చాటుకు ఉరికిన్రు.

పక్కింటి ఖాలా, "గట్ల బెదిరిస్తే చెప్తరా?" అని, "లడ్డు ఎవరు తిన్నరు బేటా?" అని మెల్లగ అడిగింది. ఇంకోటి ఇస్తదనుకున్నరో ఏమో, ఆరుగురూ చేతులెత్తిన్రు!

ఎవరిని పట్టుకోవాల్నో సమజ్ కాలే. అందరినీ టాంగా బండిల ఏసుకొని దవాఖానకు ఉరికినం.

"ఎవరు తిన్నరమ్మా?" అన్నడు డాక్టర్.

"తెల్వదు సారూ."

ఆరుగురితోని కక్కించిండు. ఆఖరుకు చిన్నది యాదమ్మ మూతి తుడుస్తుంటే, లంగ అంచుకు ఏదో ముడి తగిలింది. ఇప్పి చూస్తే ఉండ, కొరకకుండ అట్లనే ఉన్నది.

"అమ్మకు దాచిన," అన్నది.

మర్నాడే ఎలుక బొక్కలల్ల గాజుపెంకులు కూరి, మట్టితోని మూసిన. మందు మళ్ల ఇంట్లకు తేలే. ఆ ఉండను యాదమ్మ ఎవరికోసం దాచిందో మాత్రం దాని తల్లికి ఇయ్యాల్టిదాంక చెప్పలే.