ఇచ్చినారు సరే, వాడతా ఉండారా?

ఏకాంబరానికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు ఎవరికి ఏది ఇచ్చారని చెవిన పడినా, "ఇచ్చినారు సరే, వాడతా ఉండారా?" అని అడక్కుండా ఉండలేడు. చిత్తూరులో ప్రభుత్వ పథకాలు ఏ మేరకు పనికొచ్చాయో చూసి రిపోర్టు రాసే ఉద్యోగం కాబట్టి, ఆ జబ్బుకు జీతం కూడా వచ్చేది.

ఆఫీసుతో ఆగితే బాగుండేది. మేనకోడలి పెళ్ళికి మిక్సీ చదివించి, ఆరు నెలల తర్వాత రేణిగుంట వెళ్ళి నేరుగా వాళ్ళ వంటింట్లో దూరాడు. మిక్సీ అట్టపెట్టెలోనే ఉంది. "ఏం పాపా, ఇంకా రోట్లోనే నూరతా ఉండావా?" అని అడిగి, డైరీలో రాసుకున్నాడు. అప్పట్నుంచి ఆయన వస్తున్నాడంటే చాలు, బంధువులు ఆయన చదివించిన గిన్నెలన్నీ అటక మీంచి దించి, కడిగి, తడి ఆరకుండా బోర్లించి పెట్టేవాళ్ళు.

1998లో ఆ డైరీ పంకజాక్షి మీదికి వచ్చింది. ఎర్రగుట్టపల్లెలో ఇంటింటికీ పొగ రాని పొయ్యి కట్టించిన తాత్కాలిక ఉద్యోగి ఆమె. కాగితం మీద పని నూటికి నూరుపాళ్ళూ పూర్తి. ఊళ్ళో మాత్రం ఒక్క పొయ్యీ వెలగలేదు. "ఆ పిల్ల జనాలకు సరిగ్గా చెప్పలేదప్పా. ఏకాంబరం రిపోర్టు రానీ, తీసేద్దాం," అన్నాడు పెద్ద అధికారి సుందరరాజు. ఆ మాట తెలిసినప్పట్నుంచి పంకజాక్షికి ఆయన ప్రశ్నంటేనే హడల్. ఏకాంబరం బస్సు దిగగానే పొయ్యిల జాబితా పట్టుకుని వెంట నడిచింది.

మొదటి ఇల్లు సిద్ధమ్మది.

"పొయ్యి ఇచ్చినారు సరే, వాడతా ఉండారా?"

"వాడకేం సార్! మా పెట్ట దాంట్లోనే పొదగతా ఉండాది."

"మీరేంటికి వాడలేదు?"

"ఒకసారి దీని మీద రాగి సంగటి గెలికి సూడు, తెలుస్తాది."

సార్ చొక్కా చేతులు మడిచాడు. కోడిని బతిమాలి లేపి, పొయ్యి వెలిగించారు. సంగటి కుండ ఆ గుంతలో దిగలేదు, అంచు మీద నిలవలేదు. బలంగా నాలుగు తిప్పులు తిప్పేసరికి పొయ్యి పగిలింది, కుండ ఒరిగింది, సార్ ఒక్క గంతులో వాకిట్లో ఉన్నాడు.

"ఇది అన్నం గిన్నెకు కొలిచిన పొయ్యి గదమ్మా! మీరు ఏం తింటారని ఎవురూ అడగలేదా?"

"నేను ఆఫీసుకు రాసినాను సార్, మూడుసార్లు," అని గొణిగింది పంకజాక్షి.

ఏకాంబరం ఆ మాట డైరీలో రాసుకున్నాడు. మిగిలిన ఇళ్ళన్నీ తిరిగాడు.

పది రోజులకు మీటింగు. సుందరరాజు తొలగింపు కాగితం ముందే టైపు చేయించి పెట్టుకున్నాడు. ఏకాంబరం రిపోర్టు చివరి వాక్యాలు గొంతు పెంచి చదివాడు: "పొయ్యి సంగటి కుండకు సరిపోదని పంకజాక్షి మూడు ఉత్తరాలు ఇచ్చింది. ఇచ్చింది సరే, మనం వాడలేదు."

చదివి, సుందరరాజు వైపు తిరిగాడు.

"ఈ పిల్లను తీసేస్తే, ఊళ్ళకు పోయి ఎట్ల అడగాల్నో మనోళ్ళకు నేర్పేదెవురు సార్?"

సుందరరాజు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరుసటి నెల నుంచి పంకజాక్షి ఆఫీసు వాళ్ళకు పాఠాలు చెప్పింది. ఫారంలో 'పూర్తి' పక్కన 'వాడకం' అని కొత్త గడి అచ్చయింది. ఇన్నాళ్ళూ తాను హడలిపోయిన ఆ ప్రశ్నను ఏకాంబరం నిజానికి తమలాంటి వాళ్ళ తరఫునే అడుగుతున్నాడని తెలిసి, ఆమెకు ఆయన మీద అభిమానం పుట్టుకొచ్చింది. ఒక మంచి గొడుగు కొనిచ్చింది.

ఆరు నెలలకు ఆయన ఇంటికి వెళ్ళింది.

"గొడుగు ఇచ్చినాను సరే, వాడతా ఉండారా సార్?"

గొడుగు అంగడి కవరుతో సహా మేకుకు వేలాడుతోంది.

"వాన యాడ వచ్చిందమ్మా?"

"ఎండ గూడా రాలేదా సార్?"

ఏకాంబరం డైరీ తీసి, వాడనివాళ్ళ కింద తన పేరు రాసుకున్నాడు.