పుప్పాలగూడ ఒడిబియ్యం

పుప్పాలగూడలో పోయిన మనిషి కబురు నాకు అడిస్ అబాబా నుంచి వచ్చింది. పొద్దున్నే ఫోన్ చూస్తే హనా మెసేజ్. తెలుగు మాటల్ని తనకొచ్చిన ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్చి రాసింది: "మేడం, పెద్దమ్మ పోయింది." నేనుండే తెల్లాపూర్‌కీ ఆ ఇంటికీ అరగంట దారి కూడా లేదు. పెద్దమ్మ కోడలు పాత కిరాయిదారుల వాట్సాప్ గ్రూపులో పెట్టిందట. ఆ గ్రూపులో నేను లేను. నేను ఆఫీసు మనిషిని.

ఆఫీసంటే, గచ్చిబౌలి వైపు ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మార్పిడి విభాగం. మన పిల్లలు ఒక సెమిస్టరు అక్కడ చదువుతారు, అక్కడి పిల్లలు ఒక సెమిస్టరు ఇక్కడ. వాళ్ళకి ఇళ్ళు చూపించడం, వచ్చినప్పుడు దించుకోవడం, వెళ్ళేటప్పుడు ఎక్కించడం నా పని. మా కరపత్రంలో "సాంస్కృతిక వైవిధ్యం" అన్న మాట రాసింది కూడా నేనే. దాని అర్థం నాకు తెలుసో లేదో ఇప్పటికీ అనుమానమే.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. పుప్పాలగూడ అసలు ఊరుగా ఉన్నప్పటి మనిషి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా తన రెండంతస్తుల ఇల్లు అమ్మకుండా కొడుకూ కోడలితో అందులోనే ఉండేది. హనా కోసం ఇల్లు వెతుకుతూ ఆ గడప ఎక్కాను. హనా ఇథియోపియా నుంచి సోషియాలజీ చదవడానికొచ్చిన పెళ్ళయిన అమ్మాయి. హాస్టల్లో గది దొరకలేదు. అప్పటికి ముగ్గురు ఓనర్లు కాదన్నారు. అందులో ఒకాయన ఎంతో మర్యాదగా, "ఫారిన్ స్టూడెంట్ అన్నారు కదండీ, మేం అమెరికా అనుకున్నాం" అన్నాడు.

ఈవిడ కూడా అదే అంటుందేమోనని, హనాను ఆటోలోనే కూర్చోబెట్టి, నేనొక్కదాన్నే లోపలికెళ్ళి చెప్పుకొచ్చాను. "చాలా మంచమ్మాయండీ. శుభ్రంగా ఉంటుందండీ. ఏ ఇబ్బందీ పెట్టదండీ."

"ఏందమ్మా, మాటమాటకు అండి అండి అని గంట గొట్టినట్టు! మీది గుంటూరా?"

"తెనాలండీ."

"గదే. పిల్లనేమో ఎండల కూసోబెట్టినవ్, గుణాలేమో నాకు జెప్తున్నవ్. లోపలికి తోల్కరారాదు?"

హనా వచ్చింది. దేశం ఏదని అడగలేదు పెద్దమ్మ. "మీ ఇంట్ల ఏం తింటరు బిడ్డా?" అంది, చేతిని నోటి దగ్గరికి తెచ్చి చూపిస్తూ. నేను ఇంగ్లిష్‌లో చెప్పేలోపే హనా చేతులతో పెద్ద పెనం చూపించి, పిండి పోసినట్టు గుండ్రంగా తిప్పింది. "అట్టు! పులవబెడ్తరా?" హనా ముక్కు చిట్లించి పుల్లగా ఉంటుందని సైగ చేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. అగ్రిమెంటు కాయితం నా చేతిలోనే ఉండిపోయింది. తర్వాత ఎప్పుడో అంది నాతో: "దేశం అడిగితే పటం చూపిస్తరు. అన్నం అడిగితే అమ్మ యాదికొస్తది."

నేను నెలకోసారి వెళ్ళేదాన్ని, ఫారం నింపడానికి. "వసతి: సంతృప్తికరం." ఆ వంకన పెద్దమ్మ పెట్టే టీ తాగేదాన్ని. ఒకసారి వెళ్తే పాలు లేని టీ ఇచ్చింది. "ఇయ్యాల బుధారం. హనమ్మ బుధారం, శుక్కురారం పాలు గూడ ముట్టది, ఉపాసం. ఒక్కదానికి వేరే ఎందుకని అందరికీ గిదే." హనా ఉపవాసాల సంగతి నాకు తెలియదు. ఆహారపు అలవాట్ల గురించి మా ఫారంలో రెండే గళ్ళుండేవి: శాకాహారం, మాంసాహారం.

ఇంకోసారి మేడ మీంచి పొగ. పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. చూస్తే హనా చిన్న కుంపటి మీద పచ్చి కాఫీ గింజలు వేయిస్తోంది, పెద్దమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. "ఫికర్ జెయ్యకు, మా పోరి కాపీ కాస్తున్నది. నువ్వు గూడ కూసో" అని వాచ్‌మన్‌ని కూడా కూర్చోబెట్టింది. ఒక కప్పు తాగి నేను లేవబోయాను, మీటింగుందని. కొంగు పట్టి లాగింది. "వాళ్ళింట్ల మూడు కప్పులు తాగినంకనే లేవాల్నట. మనింట్ల మారు వడ్డించకుండ లేవనిస్తమా? గట్లనే ఇది."

హనా వెళ్ళే ముందురోజు పెద్దమ్మ నుంచి ఫోన్. "రేపు పొద్దుగాల హనమ్మకు ఒడిబియ్యం పోస్తున్నం. నువ్వు రావాలె. ముత్తైదువలు తక్కువైతున్నరు."

పెళ్ళయిన ఆడపిల్ల పుట్టింటి నుంచి వెళ్ళేటప్పుడు కొంగులో పోసే పసుపు బియ్యమని మాత్రం తెలుసు నాకు. మా ఇంట్లో అంత పట్టింపు లేదు. వెళ్ళేసరికి హనా కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుని ఉంది. కోడలూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ దోసిళ్ళతో బియ్యం పోస్తున్నారు. వాటిలో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు. పెద్దమ్మ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి ఎట్లా పోయాలో చెబుతోంది. భర్త పోయినామె, తను పోయకూడదట. నేనూ ఐదు దోసిళ్ళు పోశాను. చివర్లో పెద్దమ్మ హనా చేత ఐదు పిడికిళ్ళు తీయించి దేవుడి ముందు పళ్ళెంలో పెట్టించింది.

"బిడ్డ అంతా మోసుకపోవద్దు. పుట్టింటికి గిన్ని ఇడిసిపెట్టాలె. ఇగ ఇవి పారెయ్యరాదు, అమ్మరాదు. పోయినంక వండి నలుగుర్ని పిలిచి పెట్టాలె. అప్పుడే పుట్టిల్లు సల్లగుంటది."

ఐదు కిలోల పైనే ఉంటుంది మూట. ఆఫీసు ముందు క్యాబ్ ఎక్కించే ముందు హనా పెట్టె తూచాం. బరువెక్కువైంది. నేను మూట వైపు చూసి, "ధాన్యం తీసుకెళ్ళనివ్వరు హనా, రూల్" అన్నాను. "నిజంగానా మేడం?" అంది. "నేను కొరియర్‌లో పంపుతాలే" అన్నాను. ఒక్క కుడుక తీసి చేతిసంచిలో వేసుకుని, మూట నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అలాంటి రూలుందో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ చూడలేదు. లేదని తేలుతుందేమోనని భయం.

మూట మా ఆఫీసు బీరువా కింది అరలో, ఫైళ్ళ వెనక్కి వెళ్ళింది. కొరియర్ వాళ్ళకి ఫోన్ చేద్దామనుకుంటూనే సెమిస్టరు మొదలైపోయింది. నెల తిరిగాక పెద్దమ్మ అడిగింది: "బియ్యం వండిందటనా పిల్ల? ఎందర్ని పిలిచిందట?"

"వండిందట పెద్దమ్మా. పదిమందిని పిలిచిందట."

ఎందుకన్నానో తెలియదు. ఆమె మొహం అంత ఆశగా ఉంది. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా అదే అడిగేది. నేను ఒకసారి పరమాన్నం కలిపాను, ఒకసారి హనా అత్తగారిని కలిపాను. మా విభాగానికున్న మంచి పేరంతా అలాంటి రిపోర్టుల మీదే నిలబడిందేమోనని కూడా ఆ రోజుల్లోనే అనిపించింది.

మొన్న ఎండాకాలంలో పెద్దమ్మ దవాఖానలో చేరిందని కోడలు చెప్పింది. నాకు నమ్మకాలు లేవు. అయినా "పుట్టిల్లు సల్లగుంటది" అన్న మాట వదల్లేదు. మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని, "పెద్దమ్మా, ఆ బియ్యం…" అన్నాను.

"నీ దగ్గర్నే ఉన్నయా?" అంది.

నేను తలెత్తలేదు. "హనా చెప్పిందా?"

"అది నీ మీద చెప్తదా? కుడుక తెచ్చుకున్న, బియ్యం మేడం పంపిస్తరు అన్నది. ఇంకా గదే అంటున్నది పిచ్చిది." కాసేపు ఊపిరి తీసుకుంది. "నువ్వేమో ఒకపారి పదిమంది అంటివి, ఒకపారి పదకొండు అంటివి. అబద్ధం గూడ సక్కగ చెప్పరాదు నీకు."

"మరి తెలిసీ ఎందుకు అడిగేవారు?"

"ఎప్పటికన్న నిజం చెప్తవేమోనని. మంచిగ చెప్తుంటివి గూడ… ఆ అత్తగారి ముచ్చట నాకు మస్తు నచ్చింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పంపిస్తానన్నాను, రేపే పంపిస్తానన్నాను. చెయ్యి ఊపింది. "ఇగ పంపకు. పెండ్లయిన పిల్లవే గద నువ్వు. అవి నీయే అనుకో. నువ్వే వండు, పిల్లల్ని పిలిచి పెట్టు. హనమ్మకు నేను చెప్తలే." తర్వాత, కళ్ళు మూసుకునే, "చేత్తోటి పోయరాదు నాకు. మాటతోటి పోసిన" అంది.

ఆ ఆదివారం వండుదామనుకున్నాను. కొత్త పిల్లలకు పరీక్షలు. మళ్ళీ ఆదివారం మా ఆయన ఊళ్ళో లేరు. ఇంతలో హనా మెసేజ్.

మైల రోజులు గడిచాక బీరువా తెరిచి మూట ఇంటికి తెచ్చాను. పసుపు వల్లేమో, ఒక్క పురుగు లేదు. ఈ సెమిస్టరు వచ్చిన ఆరుగురు పిల్లల్నీ సాయంత్రం భోజనానికి పిలిచాను. ఈసారి ఫోన్ చేసి ఒక్కొక్కర్నీ అడిగాను, మీ ఇంట్లో ఏం తింటారని. ఒకబ్బాయి ఏకధాటిగా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆఫీసు నంబరు నుంచి అంతసేపు ఎవరి మాటా నేను విన్నట్టు గుర్తులేదు. ఇది ఆమె చెప్పిన పని చెయ్యడమో, నా తప్పు కడుక్కోవడమో ఇంకా తేల్చుకోలేదు. పిల్లలు తినిపోతే అదీ ఇదీ ఒకటే అనేదేమో పెద్దమ్మ.

పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు గుర్తొచ్చింది: పుట్టింటికి వదలాల్సిన ఐదు పిడికిళ్ళు హనా వదిలింది కానీ, నేను వదల్లేదు. మూట కట్టుకుని పుప్పాలగూడ వెళ్ళాను. కోడలు నన్ను చూసి, మూట చూసి, దేవుడి ముందు పళ్ళెం పెట్టింది. హనాకి వీడియో కాల్ చేసి ఫోన్ గోడకి ఆనించింది. నేను పిడికిలి తీసి పళ్ళెంలో పోస్తుంటే అటునుంచి హనా తన భాషలో లెక్కపెడుతోంది, ఇటునుంచి కోడలు తెలుగులో.

"ఐదు. అయినయి మేడం" అంది కోడలు.

నా చెయ్యి మాత్రం ఇంకా మూటలోనే ఉంది.